ఫోన్ చేస్తే చాలు.. అవతలి స్క్రీన్ మీద మీ పేరు! వద్దంటే కుదురుతుందా? డైరెక్టరీ రోజుల్లో ఉన్న హక్కు ఇప్పుడేమైంది?

కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఓ అమ్మాయి అద్దెకు గది వెతుక్కుంటోంది అనుకుందాం. టులెట్ బోర్డు కనిపించిన చోటల్లా ఆగి, దాని మీదున్న నంబర్‌కు ఫోన్ చేస్తుంది. రోజుకు పది కాల్స్. ఇన్నాళ్లూ అవతలి వాళ్లకు కనిపించింది పది అంకెలే. ఇకపై అలా కాదు. ఆమె సిమ్ ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరు, ఇంటిపేరుతో సహా, ఫోన్ ఎత్తకముందే వాళ్ల స్క్రీన్ మీద పడుతుంది. పేరును బట్టి మతం తెలుస్తుంది. ఇంటిపేరును బట్టి చాలాసార్లు కులమూ తెలుస్తుంది. ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది హలో అనకముందే తేలిపోవచ్చు. గది దొరకని తొమ్మిది చోట్లా ఆమె పేరు, నంబర్ రెండూ మిగిలిపోతాయి.

ఈ ఏర్పాటు పేరు కాలింగ్ నేమ్ ప్రజెంటేషన్. టెలికాం వాళ్లు సీఎన్ఏపీ అంటారు. దీని మీద ట్రాయ్ 2022 నవంబరులో చర్చాపత్రం పెట్టింది. 2024 ఫిబ్రవరి 23న సిఫార్సులు ఇచ్చింది. వాటిలో కొన్నింటిపై టెలికాం శాఖ వేరే అభిప్రాయం చెప్పింది. దానికి ట్రాయ్ 2025 అక్టోబరు 28న జవాబిచ్చింది. ఆ తర్వాత ఈ సదుపాయం 4జీ, 5జీ నెట్‌వర్క్‌లలో దశలవారీగా వస్తోంది.

"బాగానే ఉందిగా, స్పామ్ తగ్గుతుంది" అంటారా? నిజమే, ఆ మాటలో చాలా బలం ఉంది. రాత్రిపూట ఫోన్లు చేసి వేధించేవాడి పేరు స్క్రీన్ మీద పడుతుందంటే వాడు కాస్త జంకుతాడు. లోన్ రికవరీ అంటూ బెదిరించే గొంతుకు ఓ పేరు దొరుకుతుంది. అందుకే ఈ విధానాన్ని మొత్తంగా తప్పుపట్టలేం. కానీ ఇందులో ఓ మెలిక ఉంది. వార్తల్లో అది పెద్దగా కనిపించలేదు.

'వద్దు' అనే హక్కు ఎవరికి?

సీఎన్ఏపీ గురించి చదివేటప్పుడు "డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఇష్టం లేకపోతే ఆపేసుకోవచ్చు" అనే వాక్యం మీకూ కనిపించి ఉంటుంది. చాలామంది దీన్ని "నా పేరు ఎవరికీ కనిపించకుండా ఆపేసుకోవచ్చు" అని అర్థం చేసుకున్నారు. అది కాదు. ఆపేసుకోగలిగేది ఫోన్ అందుకునేవాళ్లు. అంటే, నాకు ఫోన్ చేసేవాళ్ల పేర్లు నాకు చూపించొద్దు అని చెప్పుకోవచ్చు. నేను ఫోన్ చేసినప్పుడు నా పేరు అవతల చూపించొద్దు అని చెప్పడానికి ఈ ఆప్షన్ పనికిరాదు.

మరి పేరు దాచుకునే దారే లేదా? ఉంది, సీఎల్ఐఆర్. అంటే ఫోన్ చేసినవాళ్ల నంబరే అవతల కనిపించకుండా చేసే సదుపాయం. ఇది ఉన్నవాళ్ల పేరు కూడా కనిపించకూడదని ట్రాయ్ చెప్పింది. కాల్ సెంటర్లకు, టెలిమార్కెటర్లకు ఈ అవకాశం ఇవ్వొద్దని కూడా చెప్పింది, అది మంచి మాటే. అయితే సామాన్యుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి సీఎల్ఐఆర్ కావాలని అడిగితే ఇచ్చేసే రకం కాదిది. మామూలుగా ఇవ్వకూడదు, ఎందుకు అడుగుతున్నారో పరిశీలించాకే ఇవ్వాలి అన్నది టెలికాం లైసెన్సు నిబంధనల్లోనే ఉన్న మాట. ఆచరణలో ఇది వీఐపీలకు, ఇంటెలిజెన్స్ సంస్థల వాళ్లకు అందే సౌకర్యం. భర్త కొడుతుంటే పుట్టింటికి కూడా చెప్పకుండా వేరే ఊరు వెళ్లి, కొత్త సిమ్ తీసుకుని పని వెతుక్కుంటున్న మహిళకు ఇది ఎవరిస్తారు?

ఇంకో సంగతి. కంపెనీలు, బల్క్ కనెక్షన్లు తీసుకున్న సంస్థలు దరఖాస్తులోని పేరుకు బదులు తమకు నచ్చిన పేరు, అంటే రిజిస్టర్ చేసుకున్న ట్రేడ్‌మార్క్ లాంటిది, చూపించుకునే వీలు ట్రాయ్ సిఫార్సుల్లో ఉంది. మనిషికి ఆ వీలు లేదు. సిమ్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో ఏ పేరు పడిందో అదే. కంపెనీకి పేరు ఎంచుకునే స్వేచ్ఛ ఉండి, మనిషికి లేకపోవడం కాస్త వింతగానే ఉంది.

పైగా మన ఇళ్లలో సిమ్‌లు ఎవరి పేరు మీద ఉంటాయో మనకు తెలుసు. నాన్న పేరు మీద కూతురి నంబర్, కొడుకు పేరు మీద అమ్మ నంబర్, ఎప్పుడో విడిపోయిన భర్త పేరు మీద భార్య నంబర్. ఆ చివరి కేసులో ఆమె ఎవరికి ఫోన్ చేసినా స్క్రీన్ మీద పడేది ఆ మాజీ భర్త పేరే.

లావుపాటి పుస్తకం రోజుల్లో

ల్యాండ్‌లైన్ కాలం గుర్తున్నవాళ్లు "అప్పట్లో ఊరందరి నంబర్లూ డైరెక్టరీలో ఉండేవిగా, అప్పుడు లేని ప్రైవసీ గొడవ ఇప్పుడెందుకు?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

తొలి టెలిఫోన్ డైరెక్టరీగా చెప్పేది 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్‌లో వచ్చింది. ఒకే ఒక్క కాగితం, దాని మీద 50 ఎంట్రీలు. తమాషా ఏమిటంటే అందులో నంబర్లే లేవు. ఆపరేటర్‌కు పేరు చెబితే లైన్ కలిపేది. మన దగ్గరా డైరెక్టరీ అంటే ఫోన్ బల్ల కింద పెట్టుకునే లావుపాటి పుస్తకం. అందులో పేరు, అడ్రస్, నంబర్. పుస్తకం దొరక్కపోతే 197కు ఫోన్ చేసి అడగడం. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు విజిటింగ్ కార్డు మీద పక్కింటి నంబర్ వేసి పక్కన 'పీపీ' అని రాసుకునేవాళ్లు. డైరెక్టరీలో పేరు ఉండటం అప్పట్లో ఓ హోదా.

కానీ ఆ పుస్తకం ఒకవైపు మాత్రమే నడిచేది. పేరు తెలిస్తే నంబర్ దొరికేది. నంబర్ తెలిస్తే పేరు దొరికేది కాదు. వేల నంబర్లలో ఒక్కదాన్ని పట్టుకుని అది ఎవరిదో వెతకాలంటే పుస్తకం మొత్తం తిరగేయాలి. ఎవరికంత ఓపిక? ఇంకా ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఆ రోజుల్లో నంబర్ తెలిసినవాడు చేయగలిగింది ఫోన్ ఒక్కటే. ఇప్పుడు అదే నంబర్ బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, ఓటీపీకి, వాట్సాప్‌కు, గ్యాస్ బుకింగ్‌కు తాళంచెవి. పేరు, నంబర్ కలిసి ఒకరి చేతిలో పడితే మోసగాడికి సగం పని అయిపోయినట్టే. "సార్, మీరు ఫలానా కదా" అని మొదలుపెడితే మనం నమ్మేస్తాం.

ఆ డైరెక్టరీ కాలంలోనే 'అన్‌లిస్టెడ్ నంబర్' అనే మాట పుట్టింది. అమెరికాలో నంబర్ పుస్తకంలో అచ్చు వేయకుండా ఉంచడానికి కస్టమర్లు ఫోన్ కంపెనీలకు నెలనెలా అదనంగా డబ్బు కట్టేవాళ్లు. బ్రిటన్‌లో దాన్ని ఎక్స్-డైరెక్టరీ అన్నారు. డాక్టర్లు, టీచర్లు, పోలీసులు, ఒంటరిగా ఉండే మహిళలు.. ఎవరి కారణాలు వాళ్లవి. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. వద్దంటే వద్దు, అంతే.

అమెరికాలో ఈ గొడవ ఎప్పుడో జరిగింది

1980ల చివర్లో అమెరికాలో కాలర్ ఐడీ వచ్చింది. ఫోన్ మోగగానే నంబర్ కనిపించే డబ్బా. అన్‌లిస్టెడ్ నంబర్ కోసం డబ్బు కడుతున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. "మా నంబర్ పుస్తకంలో వేయొద్దని మీకు డబ్బు కడుతున్నాం. మేం ఫోన్ చేసిన ప్రతిసారీ అదే నంబర్‌ను మీరే అవతలి వాళ్లకు అప్పజెబుతున్నారు" అన్నారు. గృహహింస బాధితులకు షెల్టర్లు నడిపేవాళ్లూ ఇదే అడిగారు. షెల్టర్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే ఆచూకీ దొరికిపోదా? పెన్సిల్వేనియాలో విషయం కోర్టుకెక్కింది. దాచుకునే వీలు ఇవ్వకుండా కాలర్ ఐడీ పెట్టడం చట్ట విరుద్ధమని 1992లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

చివరికి దొరికిన పరిష్కారం చాలా సింపుల్. ఫోన్ చేసే ముందు స్టార్ 67 నొక్కితే ఆ ఒక్క కాల్‌కు మీ నంబర్ కనిపించదు. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 90ల మధ్యలో ఇది దేశమంతటికీ నిబంధన అయింది. అలాగని అవతలివాళ్ల హక్కూ పోలేదు. నంబర్ కనిపించని కాల్ ఎత్తాలా వద్దా అన్నది వాళ్లిష్టం. చాలామంది ఎత్తరు కూడా. పేరు చెప్పని కాల్‌ను కాదనే హక్కు ఒకరిది, పేరు చెప్పకుండా ఉండే హక్కు ఇంకొకరిది. రెండూ పక్కపక్కనే బతికాయి.

మన సీఎన్ఏపీలో మొదటిది ఉంది. రెండోది సామాన్యుడికి లేదు.

మనం అడగని డైరెక్టరీలు చాలానే ఉన్నాయి

నిజానికి ప్రభుత్వం ఈ పని మొదలుపెట్టకముందే మన పేర్లు, నంబర్లు బజార్లో ఉన్నాయి. ఎంత మోతాదులో అన్నది హైదరాబాద్ పక్కనే తేలింది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఓ ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు ఉన్నాయని ప్రకటించారు. వారం రోజులకే, ఏప్రిల్ 1న, ఫరీదాబాద్‌కు చెందిన ఇంకొకరి అరెస్టు. ఈసారి అంకె 66.9 కోట్లు, వ్యక్తులూ సంస్థలూ కలిపి. ఉద్యోగులు, విద్యార్థులు, వాహనదారులు అంటూ కేటగిరీల వారీగా విడగొట్టి, ఎవరికి ఏది కావాలంటే అది అమ్మకానికి పెట్టారు. పాత డైరెక్టరీ ఒక ఊరికే పరిమితం. ఇది దేశం మొత్తానికి.

ఇంకో రకం డైరెక్టరీ మన జేబులోనే ఉంది. కాలర్ ఐడీ యాప్‌లు. వీటిలో పెద్దది ట్రూకాలర్, 2009లో స్వీడన్‌లో పుట్టింది. దానికి అతి పెద్ద మార్కెట్ మన దేశమే. ఇలాంటి యాప్‌లలో మీరు ఖాతా తెరవకపోయినా మీ పేరు కనిపించవచ్చు. "నేనెప్పుడూ ఆ యాప్ వేసుకోలేదు, నా పేరెలా వచ్చింది?" అని జనం ఆశ్చర్యపోయేది ఇక్కడే. ట్రూకాలర్‌లో మీ నంబర్ తీసేయమని అడిగే పేజీ ఒకటి ఉంది. దాని పేరేమిటో తెలుసా? అన్‌లిస్ట్! నంబర్ పుస్తకంలో వేయొద్దని చెప్పిన రోజుల నుంచి, ఎవరో వేసేసిన నంబర్‌ను తీసేయమని మనమే అడుక్కునే రోజులకు వచ్చామన్నమాట.

మూడోది ఎవరూ డైరెక్టరీ అనుకోనిది.. యూపీఐ. ఎవరి నంబరైనా పేమెంట్ యాప్‌లో కొట్టి చూడండి. ఆ నంబర్‌కు యూపీఐ ఉంటే బ్యాంకులో ఉన్న పేరు వచ్చేస్తుంది. రూపాయి పంపక్కర్లేదు. తప్పు ఖాతాకు డబ్బు పోకుండా ఉండాలంటే పేరు చూపించాల్సిందే, కాదనం. కానీ ఇదే ఇప్పుడు దేశంలో అందరికీ అందుబాటులో ఉన్న రివర్స్ డైరెక్టరీ. ఆటో దిగి ఫోన్ నంబర్ మీద డబ్బు పంపినా, మీ నంబర్ ఒకరికి చెప్పినా, పేరు వాళ్లకు తెలిసినట్టే.

చట్టం ఏమంటోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ హక్కును ప్రభుత్వం తగ్గించాలంటే దానికో చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, తగ్గింపు ఆ అవసరానికి తగినంతే ఉండాలి. సీఎన్ఏపీకి అవసరం ఉంది, మోసాలు ఆపడం. తేలాల్సింది ఆ మూడోదే. బ్యాంకులు, బీమా కంపెనీల సర్వీసు కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచార కాల్స్‌కు 140 సిరీస్ ఇప్పటికే ఉన్నాయి. కంపెనీల పేర్లు చూపించడం వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. టులెట్ బోర్డుకు ఫోన్ చేసే అమ్మాయి పేరు కూడా చూపించాలా? చూపించినా ఇంటిపేరుతో సహా ఎందుకు? వద్దంటే ఆగే వీలు ఎందుకు లేదు?

మోసగాళ్ల మాటకొస్తే, డిజిటల్ అరెస్ట్ గ్యాంగులు ఎక్కువగా వాడేది వాట్సాప్ లాంటి యాప్‌ల వీడియో కాల్స్. ఆ కాల్స్‌కు సీఎన్ఏపీ వర్తించదు. మామూలు సిమ్ వాడినా అది ఏ కూలీ పేరు మీదో, ఏ విద్యార్థి పేరు మీదో తీసింది అయి ఉంటుంది. స్క్రీన్ మీద పడేది ఆ అమాయకుడి పేరు. దాన్ని చూసి మనం "మన తెలుగువాడే" అని నమ్మేసినా ఆశ్చర్యం లేదు.

ఇక డేటా రక్షణ చట్టం. 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. తప్పు చేసిన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. మన వివరాలు తీసేయమని అడిగే హక్కు కూడా అందులో ఉంది. కాకపోతే ఆ ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి రూల్స్ వచ్చినప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి.

అందులోనూ రెండు కిటికీలు తెరిచే ఉన్నాయి. ఒకటి, సొంత అవసరానికి, ఇంటి అవసరానికి ఓ వ్యక్తి వాడుకునే వివరాలకు చట్టం వర్తించదు. మీ నంబర్ మీ బావమరిది ఫోన్‌లో ఉంటే చట్టానికి సంబంధం లేదు, సబబే. అదే ఫోన్‌బుక్‌ను ఆయన ఏదో యాప్‌కు 'అలౌ' కొట్టి ఇచ్చేస్తే? ఒప్పుకున్నది ఆయన, వెళ్లింది మీ నంబర్. చట్టం ప్రకారం ఎవరి డేటా అయితే వాళ్లే ఒప్పుకోవాలి. దాన్ని ఎలా అమలు చేస్తారో డేటా ప్రొటెక్షన్ బోర్డు ముందుకు కేసులు వస్తేగానీ తేలదు. రెండు, మీరే స్వయంగా బయటపెట్టిన వివరాలకూ చట్టం వర్తించదు. ఫేస్‌బుక్‌లో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని నంబర్‌తో పబ్లిక్ పోస్ట్ పెట్టారా, ఆ నంబర్ వరకు మీ రక్షణ మీరే వదులుకున్నట్టు.

ఇప్పటికి మన చేతిలో ఉన్నవి

ముందుగా మీ సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. వేరేవాళ్ల పేరు మీద ఉంటే ఆపరేటర్ స్టోర్‌కు వెళ్లి మీ పేరు మీదకు మార్పించుకోండి. సీఎన్ఏపీ వచ్చాక ఇది మరీ అవసరం. మీ పేరు మీద మీకు తెలియని సిమ్‌లు ఉన్నాయేమో సంచార్ సాథీ పోర్టల్‌లో ఓటీపీతో చెక్ చేసుకోవచ్చు. ఒకరి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది కనెక్షన్లే ఉండాలి. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు.

షాపుల్లో బిల్లు కొట్టేటప్పుడు "నంబర్ చెప్పండి మేడమ్" అంటే చెప్పాల్సిన పనిలేదు. నంబర్ ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. వెనక క్యూ ఉంటే కాదనడానికి కాస్త మొహమాటమే, అయినా అనండి. యూపీఐ ఐడీని ఫోన్ నంబర్‌తో కాకుండా వేరే పేరుతో పెట్టుకునే వీలు చాలా యాప్‌లలో ఉంది. నంబర్ మార్చేవాళ్లకు ఓ మాట. వదిలేసిన నంబర్‌ను 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరు. ఆ లోపే బ్యాంకులో, ఆధార్‌లో కొత్త నంబర్ పెట్టుకోవాలి, పాత వాట్సాప్ ఖాతా డిలీట్ చేసేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

ఇవన్నీ చేసినా ఆ టులెట్ బోర్డు ముందు నిలబడిన అమ్మాయి సమస్య తీరదు. తనకు కావాల్సింది అమెరికాలో 30 ఏళ్ల కిందటే వచ్చిన ఓ చిన్న ఏర్పాటు, అంటే నంబర్ ముందు ఓ కోడ్ కొడితే ఆ ఒక్క కాల్‌కు పేరు కనిపించకపోవడం. అవతలివాళ్లకు ఇష్టం లేకపోతే ఎత్తరు, అంతే. నేరం జరిగితే పోలీసులకు కావాల్సిన పేరు, అడ్రస్ ఆపరేటర్ దగ్గర ఎలాగూ ఉంటాయి. ట్రాయ్ సిఫార్సుల్లో ఆ కోడ్ లేదు.